కొలత తప్పలేదు, కొలిచిన చోటు వేరు: ఫ్రిజ్ తలుపు రబ్బరు గురించి

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వాళ్ళింట్లో ఉన్నది 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్. 2013లో, పెళ్ళయిన కొత్తలో వాళ్ళ నాన్నగారు కొనిచ్చారట. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈమె ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్ముతారు, రోజుకు ఐదారు కిలోలు. నాలుగు నెలల క్రితం తలుపు రబ్బరు హ్యాండిల్ వైపు కింది మూలలో చిరిగింది. అప్పటి నుంచి ఫ్రిజ్ బయట చెమట పడుతోంది, పైన డీప్ ఫ్రీజర్‌లో మంచు కొండలా పేరుకుంటోంది, కంప్రెషర్ ఆగడం లేదు, కరెంటు బిల్లు పెరిగింది, రెండో రోజు సాయంత్రానికే పిండి పులిసిపోతోందని కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చి ఇస్తున్నారు.

మెకానిక్ వచ్చి ఈ మోడల్ రబ్బరు ఇప్పుడు దొరకదు, మామూలుది తెచ్చి గమ్ పెట్టి స్క్రూలు కొడతాను, 1400 అవుతుందన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తనే టేపు పెట్టి, తలుపులో రబ్బరు కూర్చునే గాడి దగ్గర కొలిచారు, వెడల్పు 49 సెంటీమీటర్లు, ఎత్తు 98. ఆన్‌లైన్‌లో అదే సైజు చూసి 450 పెట్టి తెప్పించారు. వచ్చింది. కొలిస్తే సరిగ్గా 49, 98 ఉంది. కానీ ఒక వైపు గాడిలోకి నొక్కితే రెండో వైపు అంగుళం తక్కువ! వాళ్ళాయనేమో "కొలవడం రాకపోతే నన్ను అడగొచ్చు కదా, ఈ పాత డబ్బా మీద ఇంకెంత తగలేస్తావు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దాం" అన్నారట. అత్తగారు మెకానిక్ చెప్పిందే చేయించమంటున్నారు. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "నాన్న ఇచ్చిందని పట్టుకుని వేలాడుతున్నానా, నిజంగా బాగుపడేదేనా? సరైన రబ్బరు ఎలా ఎంచుకోవాలో నాకు అర్థమయ్యేలా చెప్పండి."

అమ్మా, ముందు ఒక్క మాట. మీరు కొలవడంలో తప్పు చేయలేదు. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి.

ఫ్రిజ్ రబ్బరుకు రెండు సైజులుంటాయి. రబ్బరు బయటి అంచు నుంచి అవతలి బయటి అంచు వరకు ఒకటి. రబ్బరు వెనకాల గాడిలోకి దిగే ముక్కు ఉంటుంది కదా, బాణం మొనలా, ఆ ముక్కు నుంచి అవతలి ముక్కు వరకు రెండోది. ముక్కు ఎప్పుడూ అంచుకు కొంచెం లోపలికి ఉంటుంది కాబట్టి రెండో సైజు మొదటిదానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. మీరు కొలిచింది గాడి. అమ్మినవాళ్ళు రాసింది బయటి అంచు. మీ దగ్గరికొచ్చిన రబ్బరును మంచం మీద పరిచి వెనక్కి తిప్పి ముక్కు నుంచి ముక్కుకు కొలవండి, 46, 47 దగ్గర తేలుతుంది. మీకు తగ్గిన అంగుళం అదే. ఇద్దరూ సరైన అంకెలే చెప్పారు, కానీ ఏ చోట కొలిచిందో ఇద్దరూ చెప్పలేదు. కొత్తవాళ్ళే కాదు, పనివాళ్ళు కూడా ఇక్కడ పొరపాటు పడతారు. నేను ఫ్రిజ్ రిపేరు పని మొదలుపెట్టిన రోజుల్లో పాత రబ్బరునే కొలిచి కొత్తది కట్ చేయించాను, అది చిన్నదైపోయి ఆ ఖర్చు నా మీదే పడింది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు మెత్తదనం పోయి గట్టిపడుతుంది, కొంచెం ముడుచుకుంటుంది కూడా. అందుకే పాత రబ్బరును నమ్మకుండా తలుపు గాడినే కొలవాలి. మీరు గాడి దగ్గర కొలవడం నిజంగా తెలివైన పని.

వచ్చినదాన్ని కత్తిరించకండి, లాగి సాగదీయకండి. కవరు, బిల్లు ఉంచి వెనక్కి పంపే గడువు ఎప్పటివరకో ఈ రోజే చూసుకోండి.

సరే, సరైనది తెప్పించే ముందు ఇంకో విషయం తేల్చుకోవాలి. మీరు చెప్పిన బాధలన్నిటికీ రబ్బరు ఒక్కటే కారణమా? చిరిగింది కాబట్టి రబ్బరు మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ మీ ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం ఉంది, తలుపు అరల్లో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగు పెడతామని, బాబు హ్యాండిల్ పట్టుకుని వేలాడతాడని. అక్కడే నాకు అనుమానం వచ్చింది. సీసాలే ఎనిమిది కిలోల బరువు. ఇన్నేళ్ళుగా ఆ బరువు మోసిన తలుపు హ్యాండిల్ వైపు కిందకి వాలుతుంది. చిరిగింది కూడా సరిగ్గా ఆ కింది మూలే. వాలిన తలుపుకు కొత్త రబ్బరు వేసినా ఆ మూలే మళ్ళీ రాసుకుని ఆర్నెల్లలో చిరుగుతుంది, అప్పుడు మీవారి మాటే నిజమనిపిస్తుంది.

కాబట్టి ఈ పని చేయండి. సీసాలన్నీ తీసేసి తలుపు సగం తెరిచి, హ్యాండిల్ వైపు కింది అంచును చేత్తో పట్టుకుని మెల్లగా పైకెత్తండి. టకటకమని ఆడితే కీలు దగ్గరుండే ప్లాస్టిక్ బుష్ అరిగినట్టు. తలుపు మూసి ఎదురుగా నిలబడి చూస్తే పైన సందు, కింద సందు సమానంగా లేకపోయినా అదే సంగతి. బుష్ మార్చడం, కీలు స్క్రూలు బిగించడం చిన్న పని, రబ్బరు వేయడానికి వచ్చినవాడితోనే ముందుగా ఆ పని చేయించండి. ఫ్రిజ్ ముందు కాళ్ళు తిప్పి వెనక కంటే పిసరంత ఎత్తులో ఉంచితే తలుపు వదలగానే దానంతటదే మూసుకుంటుంది, అది కూడా చూడండి.

తర్వాత పది రూపాయల నోటు పరీక్ష. నోటును తలుపుకి, ఫ్రిజ్‌కి మధ్య సగం లోపలికి పెట్టి తలుపు మూసి లాగండి. రబ్బరు పట్టుంటే నోటు బిగుతుగా, ఆగి ఆగి వస్తుంది. జారిపోయి వచ్చేస్తే అక్కడ పట్టు లేదన్నమాట. ఇలా చుట్టూ జానెడు జానెడు దూరంలో చేసుకుంటూ పోయి, వదులున్న చోటల్లా తలుపు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గుర్తులన్నీ చిరిగిన మూల చుట్టూనే ఉంటే తప్పు రబ్బరుది. హ్యాండిల్ వైపు పైనుంచి కిందిదాకా వదులుగా ఉంటే తలుపుది. రాత్రి లైట్లార్పి, ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి మూసి చూసినా వెలుతురు ఎక్కడ బయటికొస్తోందో కనపడుతుంది, కానీ నాకు నోటు మీదే ఎక్కువ నమ్మకం.

చెమట గురించి మరీ టెన్షన్ పడొద్దు. మీది సముద్రం పక్కన ఊరు, వానాకాలం గాలిలో తేమకి మంచి ఫ్రిజ్‌కి కూడా కొంచెం పడుతుంది. చిరిగిన మూల దగ్గరే ధారగా కారుతుంటే మాత్రం రబ్బరు వల్లే. చాలా ఫ్రిజ్‌లలో తలుపు ఆనుకునే చట్రం లోపల వేడి గ్యాస్ గొట్టం పోతుంది, చెమట పట్టకూడదనే. అందుకే అక్కడ చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అది జబ్బు కాదు. ఈ గొట్టం సంగతి గుర్తుపెట్టుకోండి, స్క్రూల మాట వచ్చినప్పుడు పనికొస్తుంది.

మంచు విషయానికొస్తే, మీలాంటి సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మామూలుగానే మంచు కడుతుంది, డీఫ్రాస్ట్ బటన్ ఇచ్చింది అందుకే. తేమ గాలి లోపలికి పోతే ఇంకా తొందరగా కడుతుంది. అది మందంగా పేరుకుంటే చల్లదనం కింది అరలకు సరిగ్గా దిగదు, పిండి పులియడానికి అదీ ఒక కారణం. ఒక పూట ఖాళీ చేసి మొత్తం కరిగించండి. కత్తితో, గరిటెతో మాత్రం పొడవొద్దు. ఆ ఫ్రీజర్ డబ్బా గోడల్లోనే గ్యాస్ దారులుంటాయి, ఒక్క చిల్లు పడితే రబ్బరు ఖర్చు కాదు, ఫ్రిజ్ మొత్తం మీద ఆశ వదులుకోవాల్సి వస్తుంది. పిండి కూడా రుబ్బిన వెంటనే వెచ్చగా ఉన్నది ఐదు కిలోలూ ఒకేసారి లోపల పెడితే కంప్రెషర్ గంటల తరబడి ఆగదు. రెండు మూడు గిన్నెల్లోకి తీసి, మూత పెట్టి, కాస్త ఎడంగా పెట్టండి. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు పోసినా పిండి అంతగా వేడెక్కదు.

ఇప్పుడు రబ్బరు.

అందరూ చేసే తప్పు "190 లీటర్ల ఫ్రిజ్ రబ్బరు ఇవ్వండి" అని అడగడం. లీటర్లను బట్టి రబ్బరు రాదు. ఒకే కంపెనీలో, అదే 190లో, ఒక మోడల్ తలుపు పొడుగు, ఇంకోటి కింద ఉల్లిపాయల సొరుగు ఉండటం వల్ల పొట్టి. మీకు కావల్సింది పూర్తి మోడల్ నంబరు. ఎదురుగా ఉండే స్టార్ స్టిక్కర్ మీద ఉంటే ఉంటుంది. లేకపోతే లోపల కూరగాయల డబ్బా తీసి పక్క గోడ మీద చూడండి, అక్కడా లేకపోతే ఫ్రిజ్ వెనక. గ్యాస్ పేరు, వోల్టులు, సీరియల్ నంబరు అన్నీ రాసున్న స్టిక్కర్ అది. చివర ఉండే అక్షరాలు, అంకెలు కూడా వదలకుండా ఫోటో తీయండి, మోడల్ పేరు ఒకటే ఉన్నా మధ్యలో తలుపు డిజైన్ మార్చి ఉంటే సీరియల్ నంబరుతోనే తేలుతుంది. కంపెనీ సర్వీసుకు ఫోన్ చేసి ఇవి చెప్పి రబ్బరు దొరుకుతుందా, రేటెంత, ఎన్నాళ్ళకు వస్తుంది అని అడగండి. మెకానిక్ దొరకదన్నాడు కదా అని ఊరుకోవద్దు, అతను తన కొట్లో లేదన్న అర్థంలో అని ఉండొచ్చు. దొరికితే మీ పని సులువు, కొలతల గొడవే లేదు, గాడిలో నొక్కితే కూర్చుంటుంది. రేటు ఎక్కువే చెప్పొచ్చు, మీ మోడల్ పాతది కాబట్టి ఆపేశామని కూడా అనొచ్చు.

అలా అంటే రెండో దారి ఉంది. ఫ్రిజ్ స్పేర్ పార్టులు అమ్మే కొట్లలో కొన్నిచోట్ల పొడవాటి రబ్బరు తీసుకుని, మూలలు ఏటవాలుగా కోసి, వేడి చేసి అతికించి మన కొలతకు తయారుచేసి ఇస్తారు. దీనికి పొడవు వెడల్పులు ఒక్కటే చాలవు, రబ్బరు కోత కూడా కలవాలి, అంటే అడ్డంగా కోస్తే కనపడే ఆకారం. చాలామంది మోసపోయేది ఇక్కడే. సైజు సరిపోయింది కదా అని తెచ్చుకుంటారు, ముక్కు గాడిలో నిలవదు.

మీ రబ్బరు ఎలాగూ చిరిగింది కాబట్టి చిరిగిన చోటే పదునైన బ్లేడుతో అంగుళం ముక్క కోయండి, ఆ ఖాళీ మీద సెల్లోటేపు వేయండి. ముక్క చివరను స్టాంపు ప్యాడ్ మీద అద్ది తెల్ల కాగితం మీద నొక్కండి. ముద్ర పడుతుంది చూడండి, పైన అయస్కాంతం పట్టీ ఉండే గది, దాని కింద గాలి గదులు, పక్కకు వేలాడే పల్చటి రెక్క, అడుగున ముక్కు. ఆ ముక్కు వెడల్పు ఎంత, దానికి ఒక వైపే పళ్ళున్నాయా రెండు వైపులా ఉన్నాయా, ముక్కు నుంచి బయటి అంచుకు ఎంత దూరం, అడుగు నుంచి అయస్కాంతం దాకా ఎంత మందం, ఇవన్నీ మిల్లీమీటర్లలో ఆ ముద్ర పక్కనే రాయండి. ముక్కు సన్నదైతే గాడిలోంచి ఊడొస్తుంది, లావైతే దిగదు, బలవంతంగా కొడితే గాడి ప్లాస్టిక్ విరుగుతుంది. మందం తక్కువైతే అయస్కాంతం ఫ్రిజ్ దాకా అందదు. మరీ ఎక్కువైతే కీళ్ళ వైపు రబ్బరు నలిగి తలుపును బయటికి తోస్తుంది, మీరు మూసి వెళ్ళిపోతారు, అది మెల్లగా తెరుచుకుంటుంది. ముక్కు మీద ఉన్నంత శ్రద్ధ మందం మీద కూడా పెట్టండి.

గాడిని కూడా ఇంకోసారి కొలవండి, ఈసారి వెడల్పు పైన, కింద. ఎత్తు ఎడమ, కుడి. ఎప్పుడూ గాడి నట్టనడుమ నుంచి అవతలి గాడి నట్టనడుమకు. మూల నుంచి మూలకు ఐమూలగా రెండు కొలతలు తీసి, రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి, తేడా ఉంటే తలుపు మూలమట్టం తప్పినట్టు. టేపు సాగని ఇనుపది వాడండి, బట్టలు కుట్టే టేపు వద్దు. కొట్లో ఇచ్చేటప్పుడు "ఇది గాడి నుంచి గాడికి కొలత" అని కాగితం మీదే రాయండి. ఆన్‌లైన్‌లో కొన్నా అంతే, అమ్మేవాళ్ళు చెప్పే సైజు అంచు నుంచి అంచుకా, ముక్కు నుంచి ముక్కుకా అని అడిగి, కోత ఫోటో పంపమనండి. ఫోటో పంపనివాళ్ళ దగ్గర కొనొద్దు. తయారయ్యాక మూలల అతుకు వేళ్ళతో వంచి చూడండి, అక్కడ గట్టు కట్టినా, సందు కనపడినా వెనక్కి ఇచ్చేయండి, ఎందుకంటే గాలి దూరేది ముందు మూలల్లోంచే.

మూడోది మీ మెకానిక్ చెప్పిన దారి, గమ్, స్క్రూలు. అతన్ని చెడ్డవాడనను, అవసరానికి చాలామంది అలా చేస్తారు. కానీ దాని తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకుని ఒప్పుకోండి. తలుపు లోపల ఉండేది ఫోమ్, స్క్రూ వేసిన ప్రతి చిల్లు నుంచీ దాంట్లోకి తేమ దిగుతుంది. గమ్‌తో గాడి నిండిపోతే రేపు అసలైన రబ్బరు దొరికినా అది కూర్చోదు. ఇంక చట్రం వైపు స్క్రూ వేస్తానంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు, ఇందాక చెప్పిన వేడి గొట్టం అక్కడే ఉంటుంది. కొంతకాలం నెట్టుకొస్తే చాలు, ఎలాగూ ఫ్రిజ్ మార్చేస్తాం అనుకుంటేనే ఈ దారి. మీ అత్తగారికి కూడా ఇదే చెప్పండి, ఆవిడ ఉద్దేశం ఖర్చు తగ్గాలనే కదా, ఈ 1400 తర్వాత రెండో ఖర్చు ఉంటుందని తెలిస్తే అర్థం చేసుకుంటారు.

నాలుగోది కొత్త ఫ్రిజ్. మీవారి మాటలోనూ న్యాయం ఉంది. గాడి ప్లాస్టిక్ విరిగినా, లోపలి గోడ పగిలినా, కింద తుప్పు తినేసినా రబ్బరు మీద డబ్బు పెట్టడం దండగ. అవేవీ లేకపోతే ఇద్దరూ కూర్చుని ముందే ఒక మాట అనుకోండి. సరైన రబ్బరు, బుష్ వేయించాక పదిహేను రోజులు చూద్దాం అని. మధ్య అరలో గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి 4, 5 డిగ్రీల దగ్గర ఉండాలి (జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, ఫ్రిజ్‌ది వేరే దొరుకుతుంది). కంప్రెషర్ ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మొదలైంది అని రెండు గంటలు కాగితం మీద రాయండి, మధ్యమధ్యలో ఆగుతూ ఉండాలి. కరెంటు బిల్లులో రూపాయలు కాదు, యూనిట్లు చూడండి, పోయినేడు ఇదే నెలతో పోల్చండి. ఇవి బాగుపడితే ఫ్రిజ్ ఉంటుంది. బాగుపడకపోతే మార్చేద్దాం, అప్పుడు నేను అడ్డు చెప్పను అని మీరు ముందే అనండి. పిండి మీ సంపాదన, అది పాడైతే నష్టపోయేది మీరే కాబట్టి ఆ గడువు మీకూ మంచిదే.

నాన్నగారి గురించి అడిగారు. ఆయన గుర్తుగా ఒక వస్తువు బాగుండాలనుకోవడంలో తప్పేముంది? ఉత్తరంలో మీరు రాసినదాంట్లో నాకు మొండితనం కనపడలేదు, టేపు పట్టుకుని గాడి కొలిచిన మనిషి కనపడింది. కాకపోతే మీవారితో మాట్లాడేటప్పుడు నాన్న మాటను, ఫ్రిజ్ మాటను ఒకేసారి తేకండి. ఆయన "పాత డబ్బా" అన్నప్పుడు మీకు ఇంకెక్కడో తగిలింది, అది ఆయనకు తెలిసి ఉండదు. ఆ సంగతి విడిగా, ఫ్రిజ్ పక్కన నిలబడి కాకుండా, ఎప్పుడైనా నెమ్మదిగా చెప్పండి.

రబ్బరు చేతికొచ్చాక ప్లగ్ తీసేసి పని మొదలుపెట్టండి. మడతలు పడి వస్తుంది, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. మంట, లైటరు దగ్గరికి తేవద్దు. గాడిలో నల్లటి మురికి సబ్బు నీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి పూర్తిగా తుడవండి. ముందు నాలుగు మూలలు నొక్కండి, తర్వాత ప్రతి పక్కా మధ్యలో, ఆ తర్వాత మిగతాది, లేకపోతే చివర్లో ఒక పక్క ఉబ్బి మిగిలిపోతుంది. అక్కడక్కడ ఫ్రిజ్‌కి ఆనకపోతే హెయిర్ డ్రయ్యర్‌ను దూరం నుంచి చూపించి వేళ్ళతో సర్ది, తలుపు మూసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే మళ్ళీ ఆ పది రూపాయల నోటు తీసుకుని, పెన్సిల్ గుర్తులున్న చోటల్లా లాగి చూడండి. ఆ పదిహేను రోజులూ పాత రబ్బరు పారేయకండి, ఏదైనా తేడా వస్తే కొట్లో చూపించడానికి కావాలి. నీళ్ళ సీసాల్లో మూడు లోపలి అరలోకి మార్చండి, ఒక్కటి తలుపులో ఉండనివ్వండి.